తాడు మీది సద్ది సంచులు

మంచిర్యాల,
ఆదివారం

ప్రేమగల బాపూ,

ఫోన్‌లో నా మాట నీకు వినబడదు. బొగ్గు బాయిలోని మెషీన్లు నీ చెవులను ఎప్పుడో తినేశాయి. పుల్ల ఊగే ఆ కళ్లద్దాలతో ఫోన్ తెర మీది అక్షరాలూ నీకు ఆనవు. అందుకే కాగితం మీద పెద్ద పెద్దగా రాస్తున్నాను. కోపంతో రాస్తున్నాను, అది కూడా ముందే చెబుతున్నాను.

మా యార్డు నడిపే విజయేందర్ సార్ ఇంటికి పోయి నా తరఫున మాట ఎందుకిచ్చావు? ఆయన తండ్రీ నువ్వూ ఒకే బాయిలో చేశారని చనువా? నిన్న మా బొగ్గు యార్డులో అందరి ముందు ఆయనే చెప్పాడు. "మీ బాపు మా ఇంటికొచ్చిండు. పిల్ల ఎరుకలేక ఎదురు మాట్లాడింది, మీరు చెప్పినట్టే తీగ కలుపుతదన్నడు. ఇగ మొండితనం బంద్ చెయ్యి." నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన తిట్టినప్పుడు బాధ కాలేదు. నువ్వు దండం పెట్టి వచ్చావని తెలిశాకే ఏడుపొచ్చింది.

అది ఏ తీగో నీకు ఎవరైనా చెప్పారా? బొగ్గు మోసే బెల్టు పక్కన పొడుగునా ఒక తాడు ఉంటుంది. ఎవరైనా ఇరుక్కుంటే పక్కవాళ్లు ఆ తాడు లాగాలి. ఆ కబురు బెల్టు పక్కనున్న రిమోట్ ఐఓ అనే కరెంటు డబ్బాకు చేరుతుంది, అక్కడి నుంచి ఒక్క కేబుల్ మీద దూరాన ఉన్న కంట్రోల్ రూముకు పోతుంది, బెల్టు ఆగుతుంది. ఆ డబ్బా నా జిమ్మా. తాడు నుంచి వచ్చే రెండు తీగలకు అడ్డంగా ఒక ముక్క తీగ కలిపితే, ఎవరెంత లాగినా డబ్బా "అంతా మంచిదే" అని చెబుతుంది. సార్ కలపమంటున్నది ఆ ముక్కనే. రోజూ పొద్దున బెల్టు ఊరికే ఆగుతోందట, డబ్బా పాడైందట.

డబ్బా పాడవలేదు బాపూ. నేను పక్కనే నిలబడి చూశాను. బెల్టు కింద రాలిన బొగ్గు ఊడ్చే లింగవ్వ, శంకరవ్వ, వాళ్ల జట్టంతా వస్తూనే సద్ది సంచులు ఆ తాడుకే తగిలిస్తారు. కింద పెడితే దుమ్ము, కుక్కలు. ఒక సంచికి ఏమీ కాదు. అందరివీ పడేసరికి తాడు దిగుతుంది, డబ్బాలో దీపం ఆరిపోతుంది, బెల్టు ఆగుతుంది. గోడకు కొక్కేలు కొట్టిద్దామని సార్‌తో అన్నాను. "ఆడోళ్ల సద్దికి కొక్కేలు కొట్టుడు నా పనా? తీగ కలుపు, లేకుంటే ఇంటికి నడువు" అన్నాడు.

బెల్టు కింద వంగేది లింగవ్వ. ఆమె కొంగు చిక్కి శంకరవ్వ తాడు లాగిన రోజు నా డబ్బా అబద్ధం చెప్పాలా? బిడ్డకు బాయి లోపల కాదు, భూమి మీద కొలువు దొరికిందని నువ్వు ఊరంతా చెప్పుకున్నావు, నాకు తెలుసు. ఆ కొలువు పోతే పోనీ. తీగ కలపను. ఇచ్చిన మాట నీది, నువ్వే చూసుకో.

నీ మొండి బిడ్డ,
సృజన

మంచిర్యాల,
శుక్రవారం

బాపూ,

నిన్న నువ్వు చొప్పదండి నుంచి పొద్దుటి బస్సుకే వచ్చి యార్డు గేటు ముందు నిలబడ్డావు. మళ్లీ దండం పెట్టడానికే వచ్చావనుకున్నాను. నువ్వన్నది అందరూ విన్నారు. వాళ్లన్నది నీకు వినబడలేదు కదా, అది రాస్తున్నాను.

నువ్వు నేరుగా బెల్టు దగ్గరికి పోయి చేతిలోని బరువైన సంచి తాడుకు తగిలించగానే బెల్టు ఆగింది. సార్ ఉరికొచ్చి "చూసిన్రా, మళ్ల ఆగింది, డబ్బా ఖరాబైంది" అన్నాడు. ఆయన మొహం చూసే నీకు అర్థమైనట్టుంది. "ఆగుమంటే ఆగింది గద సారు. చెప్పిన మాట ఇన్నదాన్ని ఖరాబైందంటరా? మొన్న నీకిచ్చిన మాట వాపసు తీస్కుంటున్న. నా బిడ్డ తీగ కలుపది" అన్నావు. సంచి విప్పితే సద్ది లేదు, సుత్తె, ఇనుప కొక్కేలు ఉన్నాయి. నువ్వు గోడకు కొట్టడం మొదలుపెట్టావు.

అప్పుడు సార్ నీ వెనక నుంచి "గీ ముసలాయనను బయటికి తోలుండ్రి" అని అరిచాడు. ఎవరూ కదలలేదు. లింగవ్వ చీపురు కింద పడేసింది. "ఆయన పోతే మేం గూడ పోతం. నీ బొగ్గు నువ్వే ఊడ్సుకో సారు. ఊడ్సేటప్పుడు గా తీగ కలుపుకో, మాకేం ఫికర్ లేదు" అంది. యార్డంతా నవ్వింది. నువ్వొక్కడివే నవ్వలేదు, సుత్తె దెబ్బ మీదే ఉన్నావు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఈరోజు సంచులన్నీ కొక్కేల మీద ఉన్నాయి. బెల్టు ఊరికే ఆగలేదు. సాయంత్రం శంకరవ్వ పరీక్షకని తాడు లాగితే మాత్రం టక్కున ఆగింది. సార్ నాతో మాట్లాడడం లేదు. నన్ను ఉంచుతాడో తీసేస్తాడో తెలియదు, అడగను కూడా.

ఆయన నా చేతిలో పెట్టిన ముక్క తీగ ఈ కవర్లో ఉంది. నీ కళ్లద్దాల పుల్ల ఊగుతోంది కదా, దానికి చుట్టుకో. డబ్బాలోకి మాత్రం అది పోదు.

మాట వాపసు తెచ్చుకున్న బాపుకు బిడ్డను,
సృజన