కస్తూరి తెచ్చిన ఎనిమిది స్లైడ్లు

ఇందిరాపురం, 12 ఆగస్టు 2006

ప్రియమైన హరిప్రియకు,

నేను నడిపేది కాలక్షేపం క్లాసని రాశావు. కాదు. కాలక్షేపమే కావాలంటే మీ తాతయ్యతో పోట్లాడుకునేదాన్ని. ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పిన నేను, మా అపార్టుమెంట్ల ఆడవాళ్ళు తొమ్మిదిమందికి మలేరియా పని నేర్పుతున్నాను. కూలర్లలో నీళ్ళు పారబోయించాలి. జ్వరం వచ్చినవాళ్ళ వేలినుంచి రక్తపు చుక్క తీసి స్లైడు మీద పూయాలి.

డి బ్లాకు కస్తూరికి పక్క టవరు కట్టే కూలీల గుడిసెలు అప్పగించాను. లిఫ్టులో మనిషి కనిపిస్తే మెట్లెక్కిపోయే పిల్ల. అలాంటిది ఒక్కరోజులో ఎనిమిది స్లైడ్లు తెచ్చింది. నా బోధనాబలమే అనుకుంటున్నాను. ఉత్తరంతో పంపే ఈ పెట్టెలోనే ఉన్నాయి, మీ ల్యాబులో చూసి రాయి.

మీ అమ్మమ్మ,
పార్వతమ్మ

ఢిల్లీ, 16 ఆగస్టు

ప్రియమైన అమ్మమ్మకు,

ఎనిమిదింటిలోనూ మలేరియా ఉంది. రెండుసార్లు చూశాను. ల్యాబు నియమం ప్రకారం రిపోర్టు మీ సొసైటీకీ వెళ్ళింది. ప్రెసిడెంట్ సదాశివరావు అంకుల్ అప్పుడే ఫోన్ చేసి, ఆదివారానికల్లా గుడిసెలు పీకిస్తామన్నారు. ఈ వానల్లో వాళ్ళు పిల్లలతో ఎక్కడికి పోతారు? ముందు మాత్రలు ఇప్పించు. ఏదో ఒకటి చెయ్యి.

నీ హరి

ఇందిరాపురం, 20 ఆగస్టు

ప్రియమైన హరీ,

మాత్రలు పట్టుకుని, కస్తూరిని వెంటబెట్టుకుని వెళ్ళాను. స్లైడ్లతో పాటు ఆమె రాసిచ్చిన జాబితాలోని ఎనిమిదిమందీ నిక్షేపంగా ఇటుకలు మోస్తున్నారు. పాలమూరు మేస్త్రీ ధర్మయ్యను అడిగాను.

"మమ్మల్నెవరు పొడ్వలేదమ్మా. ఈయమ్మ ఒచ్చి పేర్లు రాస్కొని పోయింది."

కస్తూరి పిడికిళ్ళు బిగించుకుని నిలబడింది. విప్పి చూశాను. ఎనిమిది వేళ్ళకీ సూదిపోట్లు. చెయ్యి కాలిపోతోంది.

"అడగడానికి సిగ్గేసింది, మామ్మగారూ. ఖాళీ పెట్టె తెస్తే మీరేమంటారోనని..."

ఏమనేదాన్నో నాకూ తెలుసు. అందుకే ఆ పూట నోరు మూసుకున్నాను. ఇది నమోదు చేసుకో, అరుదు.

నిన్న మీటింగులో సదాశివరావు దోమల మీద ఉపన్యాసం మొదలుపెట్టాడు. నేను లేవబోయేలోగా కస్తూరి లేచి, నలభైమంది ముందు రెండు చేతులూ చాపింది.

"ఎనిమిదీ నా రక్తమే, అంకుల్. జ్వరం నాది, గుడిసెలది కాదు."

"మరి ఆదివారం డి బ్లాకు పీకిస్తారా?" అన్నాను. ఆయనది డి బ్లాకే.

గుడిసెలు ఉన్నాయి. కస్తూరి మాత్రలు వేసుకుంటోంది. ఆమె వేళ్ళు చూసి గుడిసెల ఆడవాళ్ళు ఒకటే నవ్వు. ఈ ఉదయం జ్వరాలున్న ముగ్గురూ వాళ్ళంతట వాళ్ళే వేళ్ళు చాపారు. ఆ మూడు స్లైడ్లూ పంపుతున్నాను. ఎవరికి మలేరియా ఉన్నా మాత్రలిస్తాం. రిపోర్టు మాత్రం ముందు నాకు పంపు.

సూదులు అయిపోవచ్చాయి. శనివారం వచ్చేటప్పుడు వంద పట్టుకురా. స్పిరిటు సీసా కూడా, మూత బిగుతుగా ఉన్నది చూసి తీసుకో.

అమ్మమ్మ