పసుపెక్కిన మానిటర్

మార్చి 9, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమందరం కులాసా. నువ్వూ కులాసా అనే రాస్తావు, నేను నమ్మను.

మొన్న మీ ఇంట్లో రెండు రోజులున్నానే, అప్పటినుంచీ ఈ మాట గొంతులో అడ్డం పడి ఉంది. ఫోన్లో అయితే దాటేస్తావు, అందుకే ఉత్తరం. ఎనిమిదేళ్ళ కిందట నేనిచ్చిన కంప్యూటర్ తెల్లగా ఉండేది. ఇప్పుడు మానిటర్ చుట్టూ, కీబోర్డు మీదా ఆ పసుపేమిటి? పాతదైంది కదక్కా, రంగు మారిందన్నావు. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు తడిగుడ్డతో గట్టిగా రుద్దాను. గుడ్డకేమీ అంటలేదు. పొగ ప్లాస్టిక్ లోపలిదాకా ఇంకిపోయిందన్నమాట. రోజుకెన్ని కాలుస్తున్నావురా?

నాన్న గది గోడలు గుర్తున్నాయా? ఇదే రంగు. ఆ పొగే ఆయన్ని తినేసింది. ఆయన మంచం పక్కనే, ఇక ముట్టనని నా చేతిలో చెయ్యేసి చెప్పావు. మరి ఆ దగ్గేమిటి? తెల్లవారకముందే మెట్ల మీదికి వెళ్ళి, నాకు వినపడకుండా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గావు. పైగా దుమ్మట! జేబులో లవంగాలెందుకంటే గొంతు గరగర అన్నావు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, సిగరెట్ మానేసి పదేళ్ళయిందని ఎవరూ అడక్కుండానే రెండుసార్లు చెప్పావు.

మరదలిని అడిగితే ఎప్పుడూ చూడలేదంది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి తననెవరూ చూడలేదనుకుంటుందట. ఆమెకు తెలియదేమో గానీ, నిన్ను ఎత్తుకు పెంచినదాన్ని, నాకు తెలియదా? ఒప్పుకుంటే తిట్టి ఊరుకుంటాను. అబద్ధమాడితే మాత్రం నీ గడప తొక్కను.

నీ మేలు కోరే, నీ మీద మండిపడుతున్న
అక్క

తా.క. సోమవారం. కవరు అంటించకుండానే లైబ్రరీకి డ్యూటీకి వచ్చాను. మా కంప్యూటర్ మెకానిక్ స్టోరు గదిలో పాత సామాను బయటికి తీస్తున్నాడు. కొన్నప్పటినుంచీ అట్టపెట్టెలోనే ఉన్న కీబోర్డు ఒకటి తీశాడు. అచ్చం నీదానిలాగే పసుపు. తాళం వేసిన గదిలో ఎవరు కాల్చారయ్యా అంటే నవ్వాడు. నిప్పంటుకోకుండా ఆ ప్లాస్టిక్‌లో ఏదో మందు కలుపుతారట. ఎండకీ వేడికీ గాలికీ ఏళ్ళు గడిచేకొద్దీ అది రంగు మారుతుందట, చీకట్లో ఉన్నా మెల్లగా మారుతుందట. పొగ మరకైతే తడిగుడ్డకు అంటుకునేదన్నాడు.

నువ్వు కాల్చడం లేదు. నిజమే చెప్పావు, నన్ను క్షమించు. పైన రాసిందంతా చించేద్దామనుకున్నాను, కానీ నేనెంత మూర్ఖురాలినో నీకు తెలియాలి. సిగరెట్టే అయితే బాగుండేదిరా నాన్నా, తిట్టి మాన్పించేదాన్ని. సిగరెట్ కాకపోతే ఆ దగ్గేమిటి?

ఇది పోస్టు చెయ్యడం లేదు. రేపు మొదటి బస్సుకి నేనే తెచ్చి నీ చేతికిస్తాను. చదవడం అయిందా? లే, చొక్కా తొడుక్కో. డాక్టరు దగ్గరికి వెళ్దాం.