పడవలో పన్నెండు ఫోన్లు

గురువారం

ప్రియమైన అక్కకి,

మొసలి నవ్వదు. అది నోరు తెరుచుకుని పడుకునేది ఒంట్లో వేడి పోవడానికి. చూసినవాళ్ళు నవ్వుతోందనుకుని చేతులూపుతారు. ఇది ఎవరూ నన్ను అడగలేదు, అయినా నాకు తెలుసు. నది గురించి ఇలాంటివి చాలా తెలుసు. చెప్పడమే రాదు.

విషయం ఏంటంటే, మా పడవలో మైకు పట్టుకుని జంతువుల గురించి చెప్పే పెద్దాయన మానేశాడు. ఓనరు నన్ను పిలిచి, "ఆదివారం ట్రిప్పుకి నువ్వు చెప్పు. మాట్లాడగలిగితే ఆ పని నీది. లేదంటే మా బామ్మర్దిని పెట్టుకుంటా, నువ్వు మళ్ళీ టైర్ల షాపుకి పో" అన్నాడు. నేను తలూపాను. అది కూడా ఆయన వెళ్ళిపోయాక.

ఆ బామ్మర్దికి కొంగకీ కోడికీ తేడా తెలీదక్కా. నాకు ఈ నది కావాలి. ఏం చెయ్యను?

మెసేజ్ అయినా ఉత్తరంలా రాయమన్నావని పైన ప్రియమైన అని పెట్టాను. సిగ్గేసింది.

నీ తమ్ముడు


శుక్రవారం

మూగనోము పట్టిన నా తమ్ముడికి,

ప్రియమైన అంటేనే సిగ్గేసిందా? నిన్ను ఐదో క్లాసు దాటించలేకపోయాను, కనీసం ఉత్తరం రాయడమన్నా రానీ.

నేను ఆస్పత్రిలో రోజూ మూడొందల మందిని మైకులో పిలుస్తాను. కిటుకు ఒకటే. వాళ్ళని మనుషులనుకోకు, టోకెన్ నంబర్లనుకో. నంబర్లని చూసి ఎవడైనా భయపడతాడా? ఇవాళే అద్దం ముందు నిలబడి నాలుగు ముక్కలు చెప్పి చూడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నీకసలు నోరే లేకపోయె. మళ్ళీ టైర్ల షాపుకి వెళ్ళావంటే నేనే వచ్చి నీ గాలి తీస్తా.

ప్రేమతో, చెవి మెలిపెట్టే అక్క


శనివారం

ప్రియమైన అక్కకి,

అద్దం ముందు నిలబడ్డాను. అద్దంలోవాడు నాకంటే ముందు తల దించేశాడు.

కానీ ఉపాయం దొరికింది. రేపు వచ్చేవాళ్ళు పన్నెండు మంది. ఓనరు దగ్గర అందరి నంబర్లూ ఉన్నాయి. వాళ్ళతో ఫోన్లో ఒక గ్రూపు పెట్టాను. పడవ వెనక కూర్చుని అన్నీ మెసేజ్‌లు కొడతా. నోరు తెరవక్కర్లేదు. నువ్వు నంబర్లనుకోమన్నావు, నిజంగానే నంబర్లయిపోయారు.

ధైర్యంగా, నీ తమ్ముడు


ఆదివారం

ఒరేయ్,

ఆ ఉపాయం వద్దని చెప్దామని పొద్దున్నించి ఎనిమిదిసార్లు ఫోన్ చేశాను. పగలెత్తలేదు సరే, పడవ ఒడ్డుకొచ్చాక కూడా ఎత్తవేం? మునిగింది పడవా, పరువా?

అక్క


సోమవారం

ప్రియమైన అక్కకి,

పరువే. పడవ బాగానే ఉంది.

సాయంత్రం నాలుగింటికి బయల్దేరాం. మలుపు దాటగానే ఇసుకదిబ్బ మీద మొసలి. "కుడిపక్క మొసలి" అని కొట్టాను. నది మీద సిగ్నల్ నత్తనడక. ఆ మెసేజ్ వాళ్ళకి కొంగ దగ్గర అందింది. పన్నెండు మందీ కొంగని చూసి "ఎక్కడ" అని కొట్టారు. నేను సమాధానం కొట్టేలోపు మూడు నీటికుక్కలు పడవ పక్కనే ఈదుకుంటూ పోయాయి. ఒక్కరూ ఫోన్లోంచి తలెత్తలేదు. అవే మమ్మల్ని వింతగా చూసి వెళ్ళాయి.

డ్రైవర్ మావయ్య వెనక్కి తిరిగి, "ఏంట్రా, ఎవరైనా పోయారా, ఇంత మౌనంగా ఉన్నారు?" అన్నాడు. ఎర్రటోపీ పెట్టుకున్న ఒకాయన, "ఫోన్ చూసుకోడానికయితే ఇంట్లోనే కూర్చునేవాళ్ళం కదా" అని నాకు వినపడేలాగే అన్నాడు.

చీకటి పడింది. మిణుగురులుండే చెట్ల దగ్గర ఇంజను ఆపాం. ఒడ్డు పొడుగునా చెట్లు మినుకుమినుకుమంటున్నాయి. "ఇప్పుడు చెట్లు చూడండి" అని కొట్టాను. పన్నెండు ఫోన్లూ ఒక్కసారి వెలిగాయి. చెట్లు ఆరిపోయాయి. మిణుగురులకి వెలుతురు పడదని నాకు తెలుసు, నా వేళ్ళకి గుర్తులేదు. "దయచేసి ఫోన్లు ఆపండి" అని కొట్టాను. అది చదవడానికి మళ్ళీ పన్నెండూ వెలిగాయి. "చదవకండి" అని కొట్టాను. అదీ చదివారు.

"ఇక తిప్పవయ్యా" అన్నాడు ఎర్రటోపీ. మావయ్య ఇంజను తాడు పట్టుకున్నాడు. ఇంజను మోగితే నా పని పోయినట్టే. అప్పుడు నోరు దానంతటదే తెరుచుకుందక్కా.

"ఫోన్లు జేబుల్లో పెట్టండి. కదలకండి. అవే వస్తాయి."

ఆ గొంతెవరిదా అని నేను కూడా పక్కకి చూశాను.

ఒకటి వెలిగింది. తర్వాత నాలుగు. తర్వాత చెట్టంతా. చీకట్లోంచి ఒక పెద్దావిడ గొంతు, "ఎందుకు వెలుగుతాయి బాబూ?" అంది.

"మగది ఎగురుతూ ఆ వెలుగుతోనే ఆడదాన్ని పిలుస్తుందండి. ఆడదానికి నచ్చితే కిందనించి తిరిగి వెలుగుతుంది. నచ్చకపోతే ఊరుకుంటుంది."

"నోరు లేనివాళ్ళకి భలే ఏర్పాటు" అందావిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా మొహం వాళ్ళకి కనపడట్లేదు, వాళ్ళ మొహాలు నాకు కనపడట్లేదు. ఇంక చూస్కో. నీటికుక్కలు పిల్లలకి ఈత ఎలా నేర్పుతాయో, కొంగ ఒంటికాలి మీద ఎందుకు నిలబడుతుందో, అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పాను. రేవు దాకా ఆపలేదు. రేవు దీపాలు మొహం మీద పడగానే మాట సగంలో తెగిపోయింది. "ఆ, తర్వాత?" అన్నాడు ఎర్రటోపీ ఆయన. తర్వాత లేదు. దిగి పడవ తాడు కట్టాను.

నీ ఫోన్ ఎత్తకపోడానికి కారణం, గొంతు పోయింది. ఇన్నేళ్ళ మాటలు ఒక్కపూటే వాడేశాను.

ఇవాళ ఓనరు పిలిచి పని నాదే అన్నాడు. ఆయన బామ్మర్ది టిక్కెట్లు చింపుతాడట.

నదిలోనే ఉంటున్న, నీ తమ్ముడు

సంతకం పెట్టాక అసలు సంగతి గుర్తొచ్చింది. రేపు పొద్దున తొమ్మిదింటికి స్కూలు పిల్లలట, నలభై మంది. పట్టపగలు. వాళ్ళ దగ్గర ఫోన్లు కూడా ఉండవు, నలభై జతల కళ్ళూ నా మీదే. నువ్వే చెప్పక్కా, కళ్ళు నేను మూసుకోవాలా, వాళ్ళని మూసుకోమనాలా?