నూలు గదిలో కుర్చీ

మా అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి కలం ఆపాను. ఉన్నది నేనొక్కణ్ణే. నేను క్షేమం. నువ్వూ, అల్లుడూ, చిన్నదీ బాగున్నారని తలుస్తాను.

కేంద్రానికి వచ్చేవాళ్లని ఎవరైనా హింసిస్తే ఏం చెయ్యాలో నేర్పే శిక్షణ ఈ రోజుతో అయిపోయింది. చివరి రోజు ఎలా గడిచిందో ముందు రాస్తాను.

కేంద్రం ముందు హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. పనివాళ్లం, వాలంటీర్లం అందరం కూర్చున్నాం. శిక్షణ ఇచ్చే ఆవిడ గొంతు మొదటి రోజే బొంగురుపోయింది. అయినా ఆపలేదు. పొద్దున్నే వంటావిడని, వ్యాన్ డ్రైవర్‌ని మధ్యలో కూర్చోబెట్టింది. వంటావిడ ఏదో కష్టం చెప్పుకోవడానికి వచ్చినట్టు, డ్రైవర్ వింటున్నట్టు నటించాలి.

"నీకో మాట చెప్తాను. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంది వంటావిడ, గొంతు తగ్గించి.

"ఒట్టు" అన్నాడు డ్రైవర్.

"అయిపోయింది. నువ్వు తప్పావు నాయనా" అంది శిక్షణ ఆవిడ. "దాచిపెడతానని మాటివ్వకూడదు. నీకు సాయం చెయ్యగలిగినవాళ్లకి చెప్పాల్సి రావచ్చు అని ముందే చెప్పాలి."

"అలా అంటే ఇంకెవరు నోరు విప్పుతారమ్మా?" అంది వంటావిడ. "అంతెందుకు, కూరలో ఉప్పెక్కువైతే అదీ హింసేనా?"

"ఎక్కువైందని తెలిసీ పెడితే హింసే."

అందరూ నవ్వారు. అందరికంటే పెద్దగా నవ్వింది కేంద్రం నడిపే మీ మావయ్యే. తర్వాత వాడే అందరికీ టీ పోశాడు. సాయంత్రం సర్టిఫికెట్లు ఇచ్చారు. ఫోటో తీసేటప్పుడు "బావా, నువ్వు ముందుకి రా" అని పిలిచాడు. నేను వెనక వరసలోనే నిలబడ్డాను. ఆరింటికి ఇంటికి వచ్చాను. చివరి రోజు అంతే. టీ వేళప్పుడు జరిగిన ఒక సంగతి వదిలేశాను. అది తర్వాత రాస్తాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. వండుకుంటున్నాను. మాడ్చుకుంటున్నాను. తింటున్నాను. అమ్మ బీరువా ఇంకా తెరవలేదు, తెరిస్తే సర్దాలి. కళ్లజోడు మార్చాను. ఈ వయసులో మళ్లీ ఈ తరగతులేమిటి అన్నావు. కేంద్రంలో మంగళవారాలు అమ్మవి. ఆమె పోయాక ఆ చోటు ఖాళీగా ఉంచడం ఇష్టం లేక నేను వెళ్తున్నాను. శిక్షణ లేనివాళ్లని ఇకమీదట లోపలికి రానివ్వం అన్నారు, అందుకని కూర్చున్నాను.

మావయ్య ఫోన్ ఎత్తడం లేదు, ఏమైనా గొడవా అని అడిగావు. దానికి జవాబు కొంచెం పెద్దది. ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను మాట మధ్యలో ఆపేస్తాను. అందుకే రాస్తున్నాను.

నువ్వు కేంద్రం చూసి చాలా కాలమైంది కదా. ఇప్పుడు అక్కడికి ఇరవై మంది దాకా వస్తారు. వయసు వచ్చినా పసిపిల్లల్లా ఒకరి చెయ్యి పట్టుకుని నడవాల్సినవాళ్లు. పగలంతా డోర్‌మ్యాట్లు నేస్తారు, సాయంత్రం వ్యాన్ ఇళ్ల దగ్గర దింపుతుంది. వాళ్లలో ఒకామెని అందరూ చిలకమ్మ అంటారు. నలభై దాటి ఉంటాయి. తనంత తానుగా మాట్లాడదు. విన్న మాటని తిరిగి అంటుంది. మాటే కాదు, అన్నవాళ్ల విసురూ, సాగదీతా అన్నీ దించేస్తుంది. వంటావిడలా అంటే వంటింట్లోంచి వంటావిడే "ఏంటే?" అని పలుకుతుంది. అమ్మ ఆమె పక్కనే కూర్చుని నేయించేది. ఇప్పుడు నేను కూర్చుంటున్నాను.

ఈ మధ్య చిలకమ్మ కుర్చీలో కూర్చోవడం మానేసింది. రెక్క పట్టుకుని కూర్చోబెట్టినా జారి నేల మీదకి వచ్చేస్తుంది. మోకాళ్ల నొప్పేమో అన్నారు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కుర్చీ వెతుక్కుంటారు గానీ నేల వెతుక్కోరు. ఆ మాట నేను పైకి అనలేదు.

ఒకరోజు నూలు తెమ్మంటే వెనక గదికి వెళ్లాను. కిటికీ లేని గది. నూలు కట్టల మధ్య, గోడవైపు తిప్పి, ఒక కుర్చీ వేసి ఉంది. నూలుకి కుర్చీ ఎందుకు? గది తాళాలు డ్రైవర్ దగ్గర ఉంటాయి. అడిగాను.

"విరిగిందండి, అక్కడ పడేశాం" అన్నాడు, నా మొహం చూడకుండా.

కూర్చుని చూశాను. గట్టిగా ఉంది.

ఆ మంగళవారమే చిలకమ్మ పక్కన దారం చిక్కు తీస్తుంటే ఆమె ఉన్నట్టుండి అంది: "అల్లరి చేశావంటే కుర్చీలో కూలేసి తలుపేస్తా. మళ్లీ ఏడుపా?"

గొంతులో విసుగు ఉంది. ఎవరి విసుగో పోల్చుకోలేకపోయాను. పోల్చుకోవాలనిపించలేదేమో కూడా. డ్రైవర్‌ని అనుమానించడం తేలిక. వాడు మనవాడు కాదు. కొన్ని మంగళవారాలు వాడి చేతులు చూస్తూ తిరిగాను. ఎవరిని ఎలా పట్టుకుని దించుతున్నాడు, ఎవరు వాణ్ణి చూసి ముడుచుకుంటున్నారు అని. ఎవరూ ముడుచుకోలేదు. ఒకాయన రోజూ వాడి టోపీ లాక్కుంటాడు, వాడు రోజూ బతిమాలి వెనక్కి తీసుకుంటాడు.

అప్పుడు ఈ శిక్షణ వచ్చింది. మొదటి రోజు ఆవిడ చెప్పినదాంట్లో రెండు నాకు అవసరమైనవి. అనుమానం వస్తే మీరే ఆరా తీయకండి, విన్నది విన్నట్టు పైకి చెప్పండి అంది. రుజువు చెయ్యడం మీ పని కాదు అని కూడా అంది. చెప్పాల్సిన మనిషి ఒక్కో చోట ఒకరు ఉంటారట. మా కేంద్రంలో ఆ మనిషి మావయ్య భార్య, మీ అత్తయ్య.

ఆ సాయంత్రం నేను ఆ రెండూ మీరాను. ఇది నీకు చెప్పక తప్పదు.

అందరూ వెళ్లాక మీ మావయ్య కుళాయి దగ్గర గ్లాసులు కడుగుతున్నాడు. మనవాడే కదా, మనింట్లో మాటే కదా అనుకున్నాను. "ఏరా, ఆ నూలు గదిలో కుర్చీ ఎవరికోసం?" అన్నాను.

"ఒక్క రోజు క్లాసుకే పోలీసువైపోయావా బావా?" అని నవ్వాడు.

"చిలకమ్మ ఏదో అంటోంది, తలుపేస్తానని."

నవ్వు ఆగింది. "దాని మాట పట్టుకుంటావా? అది రేడియో బావా. ఏ ఇంట్లో ఏ టీవీ విందో. అక్క ఇన్నాళ్లు దాని పక్కన కూర్చుంది. ఏనాడన్నా ఒక్క మాట అందా?"

గ్లాసు చెయ్యి జారి తొట్టిలో పడింది. పగల్లేదు.

మీ అమ్మ అనలేదు. నిజమే. కానీ ఆఖరి నెలల్లో మంగళవారాలు ఇంటికి వచ్చి చాలాసేపు మాట్లాడేది కాదు. జబ్బు అలసట అనుకున్నాను. ఇప్పుడు ఆ మౌనాన్ని కూడా అనుమానిస్తున్నాను. తమ్ముడి కోసం ఊరుకుందా, అసలు తెలియనే లేదా? అడగడానికి మనిషి లేదు. తమ్ముడి అల్లరి దాచి వాళ్ల నాన్నగారి చేత తను దెబ్బలు తిన్న కథ నీకూ చెప్పే ఉంటుంది. అప్పట్లో అది విని నవ్వేవాణ్ణి.

రెండో రోజు క్లాసులో నేనే లేచి అడిగాను. "చెప్పాల్సిన మనిషే చుట్టమైతే?"

"అప్పుడు గడప దాటండి. నేరుగా మా ఆఫీసుకి రండి" అంది ఆవిడ.

మీ మావయ్య ముందు వరసలోంచి తల తిప్పి నన్ను చూశాడు. నవ్వుతూనే చూశాడు.

ఇక ఈ రోజు టీ వేళప్పటి సంగతి. వాడు టీ పోస్తున్నాడు. నా గ్లాసు తీసుకుని నేతగదిలోకి వెళ్లాను. చిలకమ్మ నేల మీద, గోడకి వీపు ఆనించి కూర్చుంది. చేతిలో నేత లేదు. పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. ఆమె నా వైపు చూడకుండా అంది:

"బావకి ఏం చెప్పావ్? చెప్పు. బావకి ఏం చెప్పావ్?"

రెండోసారి అన్నప్పుడు తన మణికట్టు తనే గట్టిగా పట్టుకుంది.

ఆ కేంద్రంలో నన్ను బావ అనేవాడు ఒక్కడే, అమ్మాయీ.

గుమ్మంలో డ్రైవర్ ఉన్నాడు, విన్నాడు. "నువ్వు ఎరుగుదువా?" అన్నాను. "నన్నడక్కండి. నేను బండి తోలుకునేవాణ్ణి" అన్నాడు. టోపీ సర్దుకుని, "పాపం, ఆవిడ మిమ్మల్ని నమ్మినట్టుంది" అని వెళ్లిపోయాడు.

ఆమె నాతో చెప్పింది ఏమీ లేదు. విన్నది అంది, అంతే. ఆ మాట తీసుకెళ్లి మీ మావయ్య చేతిలో పెట్టింది నేను. చదువుకున్నవాణ్ణి, పొద్దున విన్న పాఠం సాయంత్రానికి చుట్టరికం కింద తొక్కేశాను. నా నోటి మాటకి ఆమె మళ్లీ ఆ కుర్చీ ఎక్కిందో లేదో నాకు తెలియదు.

వాడు చెడ్డవాడని నేను రాయడం లేదు. ఆస్పత్రిలో అమ్మ దగ్గర నాకంటే ఎక్కువ మేలుకున్నది వాడే. నీకు సైకిల్ నేర్పింది వాడే. ఎన్నో ఏళ్లుగా జీతం లేకుండా ఆ కేంద్రం లాక్కొస్తున్నాడు. విసిగిపోయి ఉండొచ్చు. ఇదంతా నేను వాడికోసం వెతుకుతున్న సాకులు కూడా కావచ్చు. ఒకటి మాత్రం గమనించాను. ఆ గదిలో ఎంతసేపు కూర్చోబెట్టారో, చీకట్లో ఆమె ఏం చేసిందో ఆలోచించబోతే, నా మనసు తప్పించుకుని వాడి మంచితనం దగ్గరికి పోతోంది.

ఉత్తరమే ఎందుకు రాశానో పైన ఒక కారణం చెప్పాను. అది సగమే. ఫోన్‌లో చెబితే, పెట్టేసిన మరుక్షణం నువ్వు మావయ్యకి చేస్తావని అనుమానం. కోపంతోనో, ప్రేమతోనో, ఎలాగైనా చేస్తావు. వాడు మళ్లీ ఆమెని అడుగుతాడు. కన్నకూతురిని అనుమానించాను. నొచ్చుకో, పరవాలేదు. ఇది నీకు అందేసరికి చెప్పడం అయిపోయి ఉంటుంది. అత్తయ్య నీకు ఫోన్ చేసి ఏడవొచ్చు. తమ్ముడికి అక్క లేకుండా పోగానే బావ ఇలా చేశాడని అనొచ్చు. విను. నన్ను వెనకేసుకు రావద్దు, వాణ్ణీ వెనకేసుకు రావద్దు. చిలకమ్మ ఎలా ఉందని మాత్రం అడుగు.

చిన్నదానికి జలుబు తగ్గిందా? అల్లుడికి నా ఆశీస్సులు.

రేపు పొద్దున వ్యాన్ ఇళ్లకి బయలుదేరకముందే, మొదటి బస్సుకి, శిక్షణ ఇచ్చిన ఆవిడ ఆఫీసుకి వెళ్తాను. తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చుంటాను. ముందు చిలకమ్మ అన్న మాటలు, ఆమె అన్నట్టే చెప్తాను. తర్వాత నేను చేసిన పని చెప్తాను. ఆఖరున వాడి పేరు, వాడు నాకేమవుతాడో చెప్తాను.

ఇట్లు,
నీ మేలు కోరే
నాన్న