స్కోరు అడగొద్దు నాన్నా

నెబ్రాస్కా రాష్ట్రం ఓర్డెల్ పట్టణవాసి, మాజీ కోచ్ లైల్ బ్రాండ్‌వోల్డ్ గారి ఏకైక కుమార్తె గ్రెటా బ్రాండ్‌వోల్డ్ అనే నేను, ఇరవై ఏడేళ్ళ వయసులో, రేపు ఉదయం జరగబోయే గుండె ఆపరేషన్‌కు ముందు, ఆసుపత్రి మంచం మీద కూర్చుని స్వహస్తాలతో రాసుకున్న వీలునామా ఇది. నా గుండె సంగతిలో డాక్టర్లకు అనుమానాలున్నాయి. నా బుర్ర సంగతిలో ఎవరికీ లేవు. ఎవరి ప్రోద్బలమూ, బలవంతమూ లేవు. మా నాన్న ఈ కాగితం చూస్తే "ఆట మొదలవకముందే ఓడిపోయానని రాసుకుంటావేంటే?" అంటూ చింపేస్తాడు కనుక, ఆయన కాఫీకి కిందికి వెళ్ళిన సమయం చూసి రాస్తున్నాను.

1. ఈ వీలునామా అమలు బాధ్యత మా మేనత్త వెర్నాకు అప్పగిస్తున్నాను. మా కుటుంబంలో ఫుట్‌బాల్ పేరెత్తగానే ఆవలించే మనిషి ఆమె ఒక్కతే. పక్షపాతం చూపదని నా నమ్మకం. నా ఖర్చులు తీరగా ఏమైనా మిగిలితే అదీ ఆమెదే.

2. నా కారు నాన్నకు చెందాలి. ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. ఆ సంగతి మరిచిపోయి అరవకూడదు.

3. నా వీడియో కెమెరా, దాని మూడుకాళ్ళ స్టాండు ఎమెట్ టల్లీకి దఖలు పరుస్తున్నాను. ఎమెట్, నాన్న కోచ్‌గా ఉన్న ఓర్డెల్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి ఎవరికి చేర్చాలో చూసుకుని చేత్తో విసిరేవాడు. నాలుగేళ్ళు ప్రతి ఆదివారం మా బల్ల దగ్గర కూర్చుని చిల్లీ కూర, దాల్చినచెక్క రోల్స్ తిన్నవాడు. అప్పట్లో నా ఉద్యోగం మైదానం పక్కనున్న ఇనుప గోపురం ఎక్కి ఆటను వీడియో తీయడం. చదివిన చదువుకు అదేం పనని అందరూ అడిగారు. గీత పక్కన నిలబడ్డ కోచ్‌కి బంతి ఒక్కటే కనిపిస్తుంది, గోపురం మీదికి అందరి కాళ్ళూ కనిపిస్తాయి. అందుకే దిగబుద్ధి కాలేదు.

నిరుడు చివరి ఆటలో, చివరి నిమిషంలో ఎమెట్ విసిరిన బంతి పడవలసిన చోటే పడింది. దాన్ని అందుకోవలసిన కుర్రాడు తడిగడ్డి మీద జారిపడ్డాడు. బంతి ఎదుటి జట్టువాడి చేతికి చిక్కింది. ఓడిపోయాం. జారిన కాలిని నేను చూశాను, వీడియోలో నాన్న కూడా చూశాడు. చూశాక కూడా బయట కాచుకుని ఉన్న విలేకరులతో ఏమన్నాడంటే: "విసిరింది ఎమెట్. క్వార్టర్‌బ్యాక్ పేరు పక్కన గెలుపో ఓటమో రాస్తారంతే. గడ్డి సంగతి ఎవడూ రాయడు."

ఎమెట్ మా బల్ల దగ్గరికి మళ్ళీ రాలేదు. ఆ సోమవారమే కాలేజీవాళ్ళు నాన్నను పిలిచి, "మీ పేరు పక్కనున్నదే మేమూ చూశాం కోచ్" అని ఉద్యోగంలోంచి తీసేశారు. తన మాటే తన మీదికి తిరిగి రావడం ఆయన గమనించాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

4. మంగలి క్లెటస్ రూడ్‌కు నేనేమీ ఇవ్వడం లేదు. పొరపాటున మరిచాననుకోకుండా ఉండాలని రాస్తున్నాను. ఆ ఓటమి తర్వాత, కుర్చీలో ఎమెట్ సగం క్షవరంతో ఉండగా, "బాబూ, తల కదపకు, నా చేతిలో కత్తెరైనా పడాల్సిన చోట పడనీ" అని అంగడంతా నవ్వించినవాడు ఇతను. నాన్న హయాంలో గెలిచిన ఏడాది ఇదే క్లెటస్ మా దగ్గర డబ్బు పుచ్చుకోలేదు. నా శవపేటిక దగ్గరికి వస్తే రానివ్వండి. తల దువ్వే పని మాత్రం అప్పగించకండి.

5. ఓడిన కోచ్ ఇంటి ముందు గడ్డిలో 'ఈ ఇల్లు అమ్మబడును' అన్న బోర్డులు పాతడం మా వైపు జనానికి అలవాటు. ఇల్లు అమ్ముకుని ఊరు విడిచి పొమ్మని అర్థం. ఆ ఆట మర్నాడు నాన్న నిద్రలేచి కిటికీ తీస్తే ఒక్క బోర్డు కనబడింది. "ఒక్కటేనా! ఊళ్ళో ఇంకా మనవాళ్ళున్నారే" అన్నాడు. దాన్ని పీకి అవతల పారేస్తే నేను తెచ్చి దాచాను. ఆ బోర్డు నాన్నకే చెందాలి, కింద రాసిన నిజంతో సహా.

ఒక్కటి కాదు నాన్నా. గడ్డి కనబడనంతగా పాతారు. తెల్లవారుతుండగా ఎమెట్ వచ్చి ఒక్కొక్కటే పీకి తన ట్రక్కులో వేసుకుంటుంటే నేను వరండాలోకి వెళ్ళాను. "కోచ్‌కి చెప్పకు గ్రెటా. ఒకటి వదిలేశాలే. అన్నీ తీసేస్తే ఊరు తనని మర్చిపోయిందనుకుంటాడు, అది అస్సలు తట్టుకోలేడు" అన్నాడు. నువ్వు విలేకరుల ముందు అతన్ని వదిలేసిన మర్నాడు జరిగిందిది. మిగతా బోర్డులు అతని కోళ్ళగూటికి గోడలయ్యాయి. నమ్మకపోతే వెళ్ళి చూసుకో. వెళ్ళడమే నాకు కావాలి.

6. నా పేటిక ముందు పిడులు రెండూ నాన్న, ఎమెట్ పట్టుకోవాలి. పేటికకు చెరోపక్కన ఉంటారు కనుక అడుగులు కలపక తప్పదు.

7. ఇది అన్నిటికన్నా ముఖ్యమైన అంశం. అత్తా, రేపు నన్ను ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళగానే దీన్ని నాన్నకు పైకి చదివి వినిపించు.

నా గుండెను ముట్టుకోవడానికి ఇద్దరు సర్జన్లు ఒప్పుకోలేదు. పేషెంటు పోతే అది వాళ్ళ పేరు పక్కన పడుతుంది. వాళ్ళలో ఒకాయన నర్సుతో "ఈ ఏడాది మన లెక్క శుభ్రంగా ఉంది, ఇప్పుడెందుకు?" అనడం తలుపు ఇవతల నుంచి విన్నాను. డాక్టర్ మిరియం ఆష్‌బీ ఒప్పుకుంది. మొదటిసారి కలిసినప్పుడే నాన్న ఆమెను అడిగిన ప్రశ్న: "డాక్టరమ్మా, ఇలాంటివి ఎన్ని గెలిచారు, ఎన్ని ఓడారు?" నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె మాత్రం కోపం తెచ్చుకోలేదు. "గెలిచినవాళ్ళ పేర్లు మర్చిపోతుంటా కోచ్ గారూ. రెండోవాళ్ళవి ఒక్కటీ మర్చిపోలేదు" అంది.  కారెక్కాక నాన్న, "నంబరు చెప్పలేదు చూశావా, ఓటములే ఎక్కువై ఉంటాయి" అన్నాడు.

రేపు నేను బల్ల మీదే పోతే, అది గడ్డి తడి వల్ల కావచ్చు నాన్నా. పుట్టుకతోనే నా గుండె గోడ పలచన. ఆమె చెయ్యి వెళ్ళవలసిన చోటికే వెళ్ళి ఉంటుంది. గోపురం మీద నుంచి చూసినట్టే నాకిది ఇప్పుడే కనిపిస్తోంది, రేపు చూడడానికి నేను ఉండకపోవచ్చు. ఆమె మీద కేసు వేయకూడదు. ఊళ్ళో ఆమె పేరు ఎత్తి ఒక్క మాట అనకూడదు. నా గది ముందు నిలబడి, ఆమె ఓడిపోయిందని అనకూడదు.

ఎంత ఘోరంగా ఓడినా విజిల్ పడగానే నువ్వు మైదానం మధ్యదాకా నడిచి ఎదుటి కోచ్ చెయ్యి పట్టుకునేవాడివి. జనం ఈలలు వేస్తున్నా నడిచేవాడివి. నిన్ను చూసి నేను గర్వపడింది గెలిచిన ఆటల్లో కాదు, ఆ నడకలో. రేపు ఆ తలుపు తెరుచుకుని ఆమె బయటికి వస్తే, ముఖం చూడగానే నీకు తెలిసిపోతుంది. అయినా ఆ వరండాలో సగందాకా నడువు. చెయ్యి కలుపు. స్కోరు అడగొద్దు.

తర్వాత కారు నువ్వు తోలకు. ఎమెట్‌కి కబురు పెట్టాను, కింద ట్రక్కులో ఉంటాడు.

తేదీ: 2019 నవంబరు 21, గురువారం. ఓర్డెల్.

(సంతకం) గ్రెటా లూయిస్ బ్రాండ్‌వోల్డ్

మా కళ్ళెదుట సంతకం చేసినట్లు సాక్షులు:
1. లూసిల్ హేగన్, ఈ వార్డు నర్సు
2. హర్బర్ట్ జెలిసన్, ఎదుటి గది పేషెంటు భర్త, పూర్వం ఫుట్‌బాల్ రిఫరీ