దొరబాబుకు సుస్తీ చేసింది

చిరంజీవి వినీలకు,

గుణదల నుంచి అమ్మ ముద్దులతో, దీవెనలతో రాస్తున్నది. మరియమాత దయవల్ల ఇక్కడ ఇద్దరమూ క్షేమం. ఇద్దరమంటే నేనూ, నీ చిలుక దొరబాబూ. నాన్న పోయాక, సిస్టరువు కావాలని నువ్వు కాన్వెంటుకు వెళ్లాక, ఈ ఇంట్లో మిగిలింది మేమే కదా. అక్కడ ఫోను ఇవ్వరు గనుక ఉత్తరాల్లోనే నిన్ను విసిగిస్తాను, ఓపిక పట్టు.

దొరబాబు బాగా తింటున్నాడా అని అడిగావు. ఇప్పుడు తింటున్నాడు. మధ్యలో నన్ను హడలగొట్టేశాడు. ముందు మాటలు మానేశాడు. అలిగాడనుకున్నాను, వాడి అలకలు నీకు తెలియనివా! తర్వాత ఈకలన్నీ ఉబ్బించుకుని, పట్టపగలే కళ్లు మూసుకుని కూర్చునేవాడు. గిన్నె దగ్గరికి వెళ్లి గింజలు కొరుకుతుంటే తింటున్నాడులే అనుకున్నాను. చూస్తే కొరికినవన్నీ కిందే పడి ఉన్నాయి.

నాకు తోచిన వైద్యం ఒకటే. జపమాల చెప్పుకునే చోట పంజరం పెట్టి, తలుపులన్నీ మూసి, సాంబ్రాణి వేశాను. వాడు ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగడం మొదలైంది. భయం వేసి, పంజరానికి దుప్పటి కప్పి, ఆటోలో పటమట పశువుల డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను.

"పొగ ఏమన్నా పెట్టారాండీ?" అన్నారాయన.

"సాంబ్రాణేనండీ, దేవుడికి వేసేది."

"దేవుడి పొగైనా పొయ్యి పొగైనా ఈటి ఊపిరితిత్తులు తట్టుకోలేవమ్మా. చిలకలు జబ్బుని చివరిదాకా దాచుకుంటాయి. మాట మానేసినప్పుడే తీసుకురావాల్సింది."

పొగ మానేసి, పంజరం పక్కన బల్బు పెట్టి వెచ్చగా ఉంచాను. చుక్కలమందు వేస్తే నా వేలు కొరికాడు. మెల్లగా తేరుకున్నాడు.

ఇక అసలు మాట. "బతుకుద్దిలేమ్మా" అని డాక్టరుగారు అన్నప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. దొరబాబు చావుబతుకుల్లో ఉన్నాడని రాస్తే మదర్ సుపీరియర్ నిన్ను పంపిస్తారని, వచ్చాక ఇక వెళ్లనివ్వకూడదని ఆటోలోనే అనుకున్నాను. సిస్టరుగా ప్రమాణం చేసే నీ మొదటి మాటపట్టుకు వస్తావా అని అన్నిసార్లు అడిగినా నేను జవాబు రాయనిది అందుకే. నువ్వు ఆ ప్రమాణం చేశావంటే ఇక మా ఇంటి పిల్లవి కావు. నాకు ఒంటరిగా ఉండాలని లేదు తల్లీ.

నిన్న పొద్దున దొరబాబు నోరు విప్పాడు. "వినీలా, అన్నం తిన్నావా?" అన్నాడు. గొంతు అచ్చం నాదే. ఖాళీ ఇంట్లో అన్నిసార్లు అడుగుతున్నానని నాకే తెలియదు. స్టవ్ కట్టేసి కూర్చుని ఏడ్చాను. వాడు మాత్రం ఆపకుండా అడుగుతూనే ఉన్నాడు.

నీ మాటపట్టుకు వస్తాను. దొరబాబును పక్కింటి అమలమ్మ చూసుకుంటానంది. నీకు నచ్చిన నీలం చీరే కట్టుకుని కాన్వెంటు గుడిలో ముందు వరుసలో కూర్చుంటాను. నేను ఏడ్చినా నువ్వు నా వైపు చూడకు. చూశావంటే ఇంటికి రమ్మంటాను.

ఇట్లు,
నీ అమ్మ
శౌరమ్మ