గమ్ లేని డబ్బీ

జడ్చర్ల,
11 జులై 2024

కోమలక్కకు,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటని తిట్టకు. ఫోన్లో నాలుగు మాటలకే నీకు దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. నేను చెప్పాల్సింది నాలుగు మాటల్లో అయ్యేది కాదు. ఇంట్లో ఎవరికీ చదివి వినిపించకు.

నువ్వు మూడేళ్ళు కూర్చున్న గమ్ బల్లను "మా చెల్లె తీసేయించింది" అని ఊరంతా చెప్పుకున్నావు కదా. మన ఫ్యాక్టరీలో, బస్సు చక్రం దగ్గర బిగించే సెన్సర్‌కు నీళ్ళు తగలకుండా దాని డబ్బీ మూతను గమ్‌తో అతికించేవాళ్ళు. ఆ ఘాటుకే నీ ఊపిరి పాడైంది. ఆ కోపంతోనే రూములో ఫోన్ చూసుకుంటూ డ్రాయింగ్ నేర్చుకున్నాను. చుక్క గమ్ లేకుండా, మధ్యలో రబ్బరు రింగు పెట్టి, మూత దాన్ని నొక్కి పట్టేలా నాలుగు కొక్కేలతో డబ్బీ గీశాను. ఇంటర్ తప్పినదానికి డిజైన్ ఏమిటని నవ్వినవాళ్ళే చప్పట్లు కొట్టారు.

అక్కా, ఆ డబ్బీలోకి నీళ్ళు పోతున్నాయి.

పరీక్ష ఎట్లా చేస్తామంటే, డబ్బీని ఓవెన్‌లో వేడి చేసి వెంటనే బోరు నీళ్ళ తొట్టిలో ముంచుతాం. సందు ఉంటే నీళ్ళు లోపలికి గుంజుకుంటుంది. నమూనాలకు అద్దంలాంటి మూత పెడతాం, తడి కనిపిస్తుంది. మొదటిరోజు పదింట్లో ఆరింటికి తడి. మా ఇన్‌చార్జి అమరేందర్ సార్, "కొత్త రింగులు గట్లనే ఉంటయి. ఆరబెట్టి మళ్ళ ముంచు," అన్నాడు. ముంచాను. పదిహేనోసారికి అన్నీ పొడి. పాస్ అని రాసుకున్నారు. బుద్ధి లేక నేనూ ఎగిరి గంతేశాను.

మొన్న బోరు మోటారు కాలిపోయింది. క్యాంటీన్ ఫిల్టర్ నీళ్ళు పట్టి కొత్త డబ్బీలు నాలుగు ముంచాను. మూడింట్లోకి నీళ్ళు వెళ్ళాయి. పాత నమూనా ముంచితే చుక్క లేదు. ఎందుకో తలబద్దలు కొట్టుకున్నా తెలియడం లేదు.

నెలాఖరుకు మొదటి లోడు పోతుంది. బ్రేకు తొక్కితే చక్రం జారుతోందో లేదో చెప్పేది ఆ సెన్సరే. తడిస్తే తప్పు చెబుతుంది. వానలో నిండు బస్సు. కళ్ళు మూస్తే అదే. చెబితే గమ్ బల్ల తిరిగొస్తుంది, దాని ముందు నా పక్కన పనిచేసే రామమ్మను కూర్చోబెడతారు. నిన్ను చూశాక మళ్ళీ ఇంకొకర్ని అట్లా చూడలేను. నోరు మూసుకుందామనే అనుకుంటున్నాను.

నీ హరిత


మర్రిగూడ,
17 జులై

హరితా,

రెండుసార్లు చదివిన. పిచ్చిదానా, మన నీళ్ళు కాచే బిందెకు అడుగున సన్న చిల్లు పడ్డది యాదికున్నదా? అవ్వ దాన్ని బాగుచేయించలే. రోజూ బోరు నీళ్ళే పోసి కాచింది. నెల దాటంగనే కారుడు బందయింది. సున్నం పేరుకొని చిల్లు పూడింది. మీరు చేసింది గదే. కాచి ముంచి, కాచి ముంచి సందుల సున్నం పెట్టిండ్రు. నీళ్ళను నీ రింగు ఆపలే, సున్నం ఆపింది. వాన నీళ్ళల్ల సున్నం ఏడుంటది?

నన్ను అడ్డం పెట్టుకొని నోరు మూసుకోకు. నా దమ్ము పోనే పోయింది. గా బస్సుల ఎవరు కూసుంటరో నీకు తెల్వదు, నాకు తెల్వదు. పోయి చెప్పు.

కోమల


జడ్చర్ల,
26 జులై

అక్కా,

చెప్పాను. పాత నమూనా కొక్కేలు ఊడదీస్తే రింగు చుట్టూ తెల్లటి గీత. అమరేందర్ సార్ టేబుల్ మీదే గోటితో గీకాను, పొడిపొడిగా రాలింది.

"పాసైన కాగితం ఉన్నది. నీకెందుకే గీ లొల్లి?"

"బస్సుకు కాగితం బిగిస్తరా సార్? కొత్తవి ఇరవై తెప్పియ్యిండ్రి, ఫిల్టర్ నీళ్ళల్ల ముంచుదాం."

పదకొండింట్లోకి నీళ్ళు వెళ్ళాయి. ఆయన ముఖం పాలిపోయింది. లోడు ఆగింది. రింగు కూర్చునే గాడి లోతెక్కువై, మూత రింగును సరిగ్గా నొక్కడం లేదు. తప్పు నాదే. అచ్చు మార్చడానికి రెండు నెలలు. అందాకా గమ్.

"నీ డబ్బీయే గదా, నువ్వే అతికించు పో," అన్నాడు, ఎగతాళికి.

"సరే సార్," అన్నాను.

బల్ల ముందు కూర్చోబోతున్న రామమ్మను లెమ్మన్నాను. "నీకేమన్న పిచ్చి లేసిందా పిల్లా?" అంది. కానీ లేచింది. వెంటనే లేచింది.

గాలి గుంజే ఫ్యాన్ పెట్టమని రోజూ కొట్లాడుతున్నాను. పెట్టలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నాను. ఇవాళ్టికి నాలుగో రోజు. సాయంత్రానికి గొంతులో ఏదో పట్టేసినట్టు ఉంటోంది. నీకు మొదట్లో ఎట్లా మొదలైందో రాయక్కా. దాచకుండా రాయి.

హరిత